2 ఘనపు మీటర్ల దీనబంధు గోబర్ గ్యాస్ ప్లాంటు: ఏళ్ల తరబడి వాడాక

మా పెరట్లో ఉన్నది ఇటుకతో కట్టిన దీనబంధు రకం, అంటే భూమిలో కదలని గుమ్మటం (డోము) కింద పేడ కుళ్లి గ్యాస్ నిలిచేది. రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాస్ వచ్చే కొలత. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు పల్లపు నేల, వానాకాలంలో రెండు మూరలు తవ్వితే నీరు ఊరుతుంది. తీర్పు ముందే చెప్పేస్తాను. అయిదు ఆవుల్నో మూడు నాలుగు గేదెల్నో సాలలోనే కట్టి మేపుతూ, రోజూ పేడ కలిపే ఓపిక ఉన్న ఇంటికి ఇది బంగారం. ఆ రెండిట్లో ఏది లేకపోయినా కట్టొద్దు. గ్యాస్ కారిపోయే ప్లాంటు కంటే అసలు కట్టకపోవడమే నయం. ఎందుకో లెక్కతోనే చెబుతాను.

రోజువారీ మేత 50 కిలోల పచ్చి పేడ, 50 లీటర్ల నీళ్లు. మా తట్టతో నాలుగు తట్టలు, పెద్ద బిందెలతో మూడు. దోసెల పిండి జారుడుకు రావాలి. గట్టిగా ఉంటే లోపల పేరుకుపోతుంది, మరీ పల్చనైతే పేడ అడుగున, నీళ్లు పైన విడిపోతాయి. పేడ కలిపి లోపలికి వదిలే ఇన్‌లెట్ తొట్టిలో చేత్తో పిసికి గడ్డిపోచలు ఏరేసి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే ఇసుక అడుక్కి దిగుతుంది. అప్పుడు బిరడా తియ్యాలి, అడుగున మిగిలిన ఇసుకను చేత్తో తోడి పారెయ్యాలి. ఈ పది నిమిషాలు తప్పించిన ఇళ్లలో కొన్నేళ్లకే అడుగున బురద మేటవేసి గ్యాస్ తగ్గిపోతుంది. మేతకు వదిలిన పశువు పేడలో సగం పొలంలోనే పడిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. పశువుల తలలు లెక్కబెట్టి ప్లాంటు సైజు ఎంచుకోకూడదు, పొద్దున సాలలో తేలే పేడను వారం రోజులు తూకం వేసి ఎంచుకోవాలి.

నిండుగా పనిచేసే రోజున ఒక బర్నరు మీద నాలుగు గంటల పైచిలుకు వంట. అయిదారుగురికి రెండు పూటలా అన్నం, కూర, టీ సరిపోతాయి. వంటగ్యాస్ లెక్కలో రోజుకు సుమారు 0.9 కిలో. అంటే 14.2 కిలోల సిలిండరు పదహారు రోజుల్లో ఇచ్చే పని. ఇది వేసవి మాట. డిసెంబరు, జనవరిల్లో పేడలోని సూక్ష్మజీవులు మందగిస్తాయి, మంట కళ్లముందే చిన్నదవుతుంది. వాటికి 35 డిగ్రీల దగ్గర హాయి, 20 దిగితే బద్ధకం. ఆ రెండు నెలలూ కలిపే నీళ్లను గాబులో ఎండకు పెట్టి, పొద్దున కాకుండా మధ్యాహ్నం పొయ్యడం వల్ల బాగానే తేడా ఉంది.

దీనబంధులో ఇనుప డ్రమ్ము ఉండదు, తుప్పు బాధ లేదు. బదులుగా ఒత్తిడి నిలకడగా ఉండదు. డోము నిండినప్పుడు, ఎంత ఎత్తు నీటిని నిలబెట్టగలదన్న లెక్కన మీటరుకు అటూ ఇటూ ఉంటుంది, వాడుతున్నకొద్దీ పడిపోతుంది. పాత డ్రమ్ము ప్లాంట్లలో ఎప్పుడూ పది సెంటీమీటర్ల చుట్టూనే. దీనబంధులో ఆ నిండు ఒత్తిడి వల్ల తెల్లవారుజామున మంట బుస్సుమని బర్నరు నుంచి లేచిపోతుంది. వాల్వు సగమే తిప్పి, గాలి రంధ్రం సరిచూసుకోవాలి. నీలం మంట గిన్నె అడుగును అంటుకుని ఉంటే సరైనది, పసుపు కొస వస్తే గాలి చాలలేదు. సిలిండరు పొయ్యికి ఈ గొట్టం తగిలిస్తే పనిచేయదు, దాని జెట్టు రంధ్రం మరీ సన్నం. బయోగ్యాస్ కోసమే చేసిన పొయ్యి కొనాలి.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది గొట్టంలో నీరు. గ్యాస్ తేమతో వస్తుంది, రాత్రి చల్లబడి గొట్టంలో నీళ్లవుతుంది. మంట ఎగిరెగిరి పడుతుంటే, గొట్టంలో గుడగుడ వినిపిస్తుంటే కారణం అదే. గొట్టాన్ని మొదటి నుంచీ వాలుగా వేయించి, అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట నీరు వదిలే చిన్న కుళాయి పెట్టించాలి. మధ్యలో ఎక్కడైనా గొట్టం జోలెలా వేలాడితే అక్కడ నీరు నిలిచి దారి మూసేస్తుంది. రెండోది తెట్టు. గడ్డి, వరి పొట్టు పైకి తేలి అట్ట కడితే లోపల తయారైన గ్యాస్ పైకి రాదు. కుళ్లిన పేడ బయటికి వచ్చే ఔట్‌లెట్ వైపు నుంచి పొడవాటి వెదురు కర్రతో వారానికోసారి కదిపితే చాలు. మూడోది మందులు. సాల కడిగిన ఫినాయిలు నీళ్లు, సబ్బు నీళ్లు, ఇంజక్షన్లు వేయించిన పశువు పేడ, ఇవి లోపలికి పోతే సూక్ష్మజీవులు చచ్చి వారాల తరబడి మంట ఉండదు. జబ్బు పశువు పేడను నేరుగా గత్తం (పెంట ఎరువు) పోగులో వెయ్యడమే మేలు.

కుళ్లిన గుడ్డు వాసన గంధకపు వాయువుది. అది ఇత్తడి వాల్వులను, జెట్లను తినేస్తుంది. వాల్వు గట్టిపడితే బలవంతంగా తిప్పకుండా మార్చెయ్యండి.

కట్టించడం జనవరి నుంచి మే లోపు అయిపోవాలి. మన పల్లపు నేలల్లో జూన్ దాటితే గోతిలో నీరు ఊరి, పచ్చి పునాదిని కింది నుంచి ఎత్తేస్తుంది. ఏటి ఇసుకే వాడాలి. ఉద్దానం వైపు తీరపు ఇసుకలోని ఉప్పు సిమెంటుకు పడదు. డోము లోపలి పూత దగ్గరే మేస్త్రి పనితనం తెలుస్తుంది. పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి, ప్రతి పొరా నునుపుగా రుద్ది, ఆఖరున నల్ల ఎనామిల్ రంగు రెండు పూతలు. గోనెలు కప్పి కనీసం పది రోజులు తడపాలి. మొదటి నింపుడుకు 2 టన్నుల పేడ, 2 టన్నుల నీళ్లు కావాలి, కాబట్టి ముందు నుంచే పేడ పోగుచేసి తడి ఆరకుండా ఉంచుకోవాలి. రెండు మూడు వారాలకు గ్యాస్ వస్తుంది గాని మొదట వచ్చేది అంటుకోదు. దాన్ని బయటికి వదిలెయ్యాలి. డోము మీది గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి చూడటం ప్రాణాంతకం. పరీక్ష వంటింట్లో పొయ్యి దగ్గరే చెయ్యాలి.

ఇక అసలు లెక్క. రోజు గ్యాస్ 2 ఘనపు మీటర్లలో మండే వాయువైన మీథేన్ 55 శాతం అనుకుంటే అది బరువులో 0.7 కిలో పైన. వందేళ్ల లెక్కన కిలో మీథేన్ భూమిని వేడెక్కించడంలో 28 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. అందులో పదోవంతు పగుళ్ల నుంచి కారిపోతే రోజుకు 2 కిలోల బొగ్గుపులుసు వాయువంత దోషం. మిగతాది మండి తప్పించిన సిలిండరు గ్యాస్ వల్ల కలిగే మేలు 2.4 కిలోలు. అంటే పదోవంతు లీకుతోనే లాభం దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. గత్తం గొయ్యిలో తడిగా కుళ్లిన పేడ నుంచీ కొంత మీథేన్ వస్తుంది, కాబట్టి లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, దారి మారదు.

లీకు ఒక్కటే కాదు, వాడని గ్యాస్ కూడా నష్టమే. ఈ డోములో పట్టేది రోజు గ్యాస్‌లో మూడోవంతు. రాత్రి 9కి పొయ్యి ఆపితే తెల్లారి 5కల్లా నిండుతుంది, ఆ తర్వాతది ఔట్‌లెట్‌లో బుడగలుగా పైకి పోతుంది. అందుకే పొద్దున్నే పొయ్యి వెలగాలి. మిగిలితే ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టండి, నీళ్లు కాచుకోండి. ఊరెళ్లేటప్పుడు రెండు రోజుల ముందు నుంచే పేడ పొయ్యడం తగ్గించండి.

లీకు పట్టడానికి వంటింటి గొట్టానికి T ఆకారపు జాయింటు ముక్క పెట్టి, యు ఆకారంలో వంచిన పారదర్శక గొట్టంలో రంగు నీళ్లు పోసి గోడకు కొట్టండి. పొయ్యి కట్టేసిన రాత్రి ఆ నీళ్లు ఎక్కుతూ పోవాలి. ఎక్కకపోతే డోము మీది గేట్ వాల్వు మూసి చూడండి. అప్పుడూ మట్టం దిగితే లోపం గొట్టంలో ఉంది, సబ్బు నురగ రాస్తే జాయింటు దొరుకుతుంది. గొట్టంలో మట్టం నిలిచిందంటే డోములోనే పగులు. దానికి ప్లాంటు ఖాళీ చేసి, లోపలి పూత చెక్కి మళ్లీ వెయ్యాలి. ఖాళీ చేసిన తొట్టిలోకి వెంటనే దిగితే మనిషి బతకడు. దీపం దించి చూడటం అసలే వద్దు, పేలుతుంది. అన్ని మూతలూ తీసి రోజుల తరబడి గాలి ఆడనిచ్చి, బయటి నుంచి గాలి కొట్టి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకుని ఉంటేనే దిగాలి.

ఈ లెక్క దేశానికీ ముఖ్యమే. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన దేశం తరఫున 2070 నాటికి నికర సున్నా, అంటే వదిలే ఉద్గారాలు తిరిగి పీల్చుకునేవాటిని మించకుండా చూస్తాం అన్నాం. 2022 ఆగస్టులో, జీడీపీలో రూపాయికి పడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 2030కి 45 శాతం తగ్గిస్తామని రాసిచ్చాం. మీథేన్‌ను తగ్గిస్తామని గ్లాస్గోలోనే పలు దేశాలు చేసిన ప్రతిజ్ఞలో మాత్రం చేరలేదు. పాడి, వరి చిన్న రైతు బతుకు అన్నది మన వాదన, అది న్యాయమే. అందుకే రైతు చేతిలో ఉన్న ఈ గ్యాస్‌ను బొట్టు పోకుండా మండించడం ముఖ్యం. 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకం మొదలైనప్పటి నుంచి దేశంలో సుమారు 50 లక్షల ఇంటి ప్లాంట్లు కట్టారు. ఎన్ని కట్టారన్న లెక్క దగ్గరే అంతా ఆగిపోతోంది. ఎన్నిట్లో ఈ పూట మంట ఉందో చూడాలి. సబ్సిడీలో కొంత ఆపి, మూడేళ్ల తర్వాత ఆ రంగు నీళ్ల గొట్టం మట్టం చూసి ఇస్తే ఈ పథకం నిజంగా పనిచేస్తుంది.

ఇక ఔట్‌లెట్ నుంచి వచ్చే పల్చటి పేడ, అంటే స్లర్రీ సంగతి. దీన్ని ఎండబెడితే నత్రజని గాలికి పోతుంది. గడ్డి, ఆకు వేసిన గోతిలోకి పంపి మగ్గబెట్టి దుక్కిలో వేసుకుంటే మామూలు గత్తం కంటే పైరు బాగుంది, కలుపు విత్తనాలూ తక్కువ.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానుకు కరెంటు పోయినా, సిలిండరు లారీ ఆగినా భూమిలో ఉన్న దీనికి ఢోకా లేదు. వాన నీరు లోపలికి దిగడమే భయం. ఔట్‌లెట్ గట్టు చుట్టుపక్కల నేల కంటే జానెడు ఎత్తు ఉండాలి, పైన సిమెంటు పలకలు మూసి ఉండాలి, చూరు నీళ్లు అటు పడకూడదు. ఆ పలకలు లేకపోతే దూడలు, పిల్లలు పడే ప్రమాదం కూడా ఉంది. పేడ తూకం 50 కిలోలకు తగ్గుతుందని ఏమాత్రం అనుమానం ఉన్నా 1 ఘనపు మీటరుదే కట్టించుకోండి.