ఎనిమిదేళ్లు, 94,000 కిలోమీటర్లు: వీల్ బేరింగులతో నా అనుభవం

నా బండి మీటరు ఈ వారం 94,000 దాటింది. 150 సీసీ బండి, ముందు డిస్క్, వెనక డ్రమ్, అల్లాయ్ చక్రాలు. కొన్న రోజు నుంచి నేనొక్కడినే నడుపుతున్నాను. వీల్ బేరింగ్ అంటే చక్రం ఇరుసు మీద నున్నగా తిరగడానికి వేసే భాగం: లోపల ఒక రింగు, బయట ఒక రింగు, మధ్యలో ఉక్కు గోళీలు. ఈ ఎనిమిదేళ్లలో ముందు చక్రానికి మూడు జతల బేరింగులు పడ్డాయి. బండితో వచ్చిన జత 31,000 దాకా నడిచింది. రెండో జత 14,000కే పోయింది. మూడో జత నా చేత్తో నేనే వేశాను, 49,000 తిరిగి ఇంకా తిరుగుతోంది. బండి అదే, దారులు అవే, నడిపే మనిషీ ఒకడే, బేరింగ్ నంబరు కూడా ఒకటే. మరి ఇంత తేడా ఎందుకొచ్చిందో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

మొదటిసారి బేరింగ్ పోయినప్పుడు నాకు ఏ చప్పుడూ వినపడలేదు. "గుర్రుమని సౌండ్ వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చులే" అని అందరూ అంటారు. నాకు మాత్రం తేడా ముందుగా తెలిసింది బ్రేక్ లివర్ దగ్గర. గతుకుల రోడ్డు దాటి వచ్చాక ముందు బ్రేక్ పడితే లివర్ మామూలు కంటే కాస్త లోపలికి వెళ్లేది. వెంటనే రెండోసారి పడితే గట్టిగా ఉండేది. బ్రేక్ లైనులో గాలి చేరిందనుకుని ఆయిల్ మార్పించాను. రెండు రోజులు బాగున్నట్టే అనిపించింది, మళ్లీ అదే కథ. తర్వాత మలుపుల్లో కూడా తేడా మొదలైంది. నేను బండి వంచాక ముందు చక్రం ఒక్క క్షణం ఆలస్యంగా వంగినట్టుండేది. మెకానిక్ చూసి కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, పోయిందన్నాడు. కోన్ సెట్ మార్చాం. తేడా లేదు. అసలు సంగతి బయటపడే సరికి ఇంకో రెండు వేల కిలోమీటర్లు ఆ బండి మీదే, అదీ వానల్లో, టెన్షన్ పడుతూ తిరిగాను. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

జరిగిందేమిటంటే, బేరింగ్ వదులైతే చక్రం ఇరుసు మీద కొద్దిగా ఊగుతుంది. చక్రంతో పాటు డిస్క్ కూడా ఊగి, బ్రేక్ ప్యాడ్లను, వాటిని పట్టి ఉంచే కాలిపర్‌లోకి వెనక్కి నెట్టేస్తుంది. మొదటిసారి లివర్ నొక్కితే ఆ ఖాళీ పూడటానికే సరిపోతుంది, రెండోసారికి గానీ బ్రేక్ పడదు. గతుకుల తర్వాత మాత్రమే లివర్ లోపలికి పోతోందంటే, ఆయిల్ మార్చే ముందు ఒకసారి చక్రాన్ని పట్టుకుని చూడండి.

ఎలా చూడాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేనూ మెకానిక్కూ పొరబడింది ఇక్కడే. బండిని డబుల్ స్టాండ్ వేసి, వెనక సీటు మీద ఎవరినైనా బరువు వేయమంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. టైరు పైభాగాన్ని ఒక చేత్తో, కింది భాగాన్ని ఇంకో చేత్తో పట్టుకుని, పైది నెడుతూ కిందిది లాగాలి. తర్వాత చేతులు మార్చి అటు నుంచి ఇటు. బేరింగ్ బాగుంటే చక్రం ఫోర్క్‌తో (చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్లతో) ఒకే ముద్దలా కదులుతుంది. పోతే "టిక్" మని చిన్న తగులు, చప్పుడు కంటే ముందు అరచేతికే తెలుస్తుంది. ఒక్కచోట చూసి వదిలేయొద్దు. చక్రాన్ని పావు వంతు తిప్పి మళ్లీ, ఇంకో పావు తిప్పి మళ్లీ చూడాలి.

ఆ తగులు చక్రానిదా, కోన్ సెట్‌దా అన్నది అసలు ప్రశ్న. దీనికి నేను వాడే పద్ధతి ఒకటుంది. ఊపేటప్పుడు ఒక వేలిని రిమ్ముకీ ఫోర్క్ కాలికీ మధ్య, రెండింటికీ తగిలేలా ఆనించి ఉంచాలి. ఫోర్క్ కదలకుండా చక్రం మాత్రమే కదిలితే వేలికి ఆ సందు తగ్గి పెరగడం తెలుస్తుంది, అది బేరింగే. ఫోర్కూ చక్రమూ కలిసి ముందుకీ వెనక్కీ కదులుతుంటే పైన కోన్ సెట్ చూడాలి. కోన్ సెట్ అరిగితే ఇంకో గుర్తు కూడా ఉంటుంది: చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ని మెల్లగా తిప్పితే, సరిగ్గా మధ్యకు వచ్చేసరికి గాడిలో పడ్డట్టు ఆగుతుంది. ఈ రెండు పరీక్షలూ కలిపి రెండు నిమిషాలు పట్టవు. నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగున్న కోన్ సెట్ మార్చేవాణ్ని కాదు.

అయితే ఊపి చూడటం ఒక్కటే చాలదని రెండో జత చెప్పింది. ఈసారి చప్పుడు వచ్చింది. నలభై దాటితే సన్నని హమ్మింగ్, వేగం పెరిగేకొద్దీ అదీ పెరిగేది. క్లచ్ పట్టినా తగ్గేది కాదు, కాబట్టి ఇంజిన్‌ది కాదు. నున్నటి రోడ్డు నుంచి గరుకు రోడ్డు మీదికి వెళ్లినా మారేది కాదు, కాబట్టి టైరుది కాదు. చక్రం ఎత్తి ఎంత ఊపినా ప్లే (వదులుతనం) లేదు. చేత్తో తిప్పితే డిస్క్ ప్యాడ్లకు రాసుకునే చప్పుడులో ఇంకేమీ వినపడదు. పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఇరుసు చివర ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి చక్రం తిప్పమన్నాను. అప్పుడు వినపడింది, ఇసుక మీద చెప్పులతో నడిచినట్టు.

చక్రం విప్పాక తేల్చేది వేలే. చూపుడువేలు లోపలి రింగులో పెట్టి, కాస్త ఒత్తిడితో, చాలా మెల్లగా తిప్పాలి. గబగబా తిప్పితే ఏమీ తెలియదు. మంచి బేరింగ్ చిక్కటి తేనెలో తిరిగినట్టు నిండుగా, ఎక్కడా ఆగకుండా తిరుగుతుంది. పాడైనది గరగరలాడుతుంది, లేదా మెట్లు దిగినట్టు ఆగి ఆగి వెళుతుంది. ఇక్కడ చాలామంది తప్పుగా అనుకునేదొకటి ఉంది. సులువుగా, చాలాసేపు గిర్రున తిరిగితే అది మంచి బేరింగని అనుకుంటారు. నిజానికి అలా తిరుగుతోందంటే చాలాసార్లు లోపల గ్రీజు ఎండిపోయిందని, లేదా నీళ్లకు కొట్టుకుపోయిందని అర్థం. రెండు వైపులా రబ్బరు సీల్ ఉన్న కొత్త బేరింగ్ వేలికి కాస్త బిగువుగానే తగులుతుంది. ఆ బిగువు చూసి కంగారు పడాల్సిన పనిలేదు.

రెండో జత 14,000కే ఎందుకు పోయిందో తెలుసుకోవాలని నాకు పట్టుదల వచ్చింది. పాత బేరింగ్‌ని ఇంటికి తెచ్చుకుని, రేకు మూత పీకి, కిరోసిన్‌లో కడిగాను. గోళీలను పట్టి ఉంచే పంజరం రివెట్లను డ్రిల్‌తో తీసేసి, గోళీలన్నీ ఒక పక్కకు తోస్తే లోపలి రింగు చేతికొచ్చింది. దాన్ని వెలుతురుకు పెట్టి తిప్పాను. గోళీలు పరుగెత్తే గాడి అద్దంలా మెరుస్తోంది, కానీ ఒక అంచు వైపు వరసగా చిన్న చిన్న గుంటలు. లెక్కపెడితే గోళీలెన్నో గుంటలూ అన్నే, వాటి మధ్య దూరాలూ సమానం. తడి మట్టి మీద వేళ్లు అద్దినట్టు ఒకదాని పక్కన ఒకటి. అరుగుదల అయితే ఇంత క్రమంగా ఉండదు. అది సుత్తి దెబ్బ. ఆ బేరింగ్ వేసేటప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. లోపలి రింగు మీద రాడ్ పెట్టి కొట్టి దించారు. ఆ దెబ్బంతా గోళీల మీదుగానే బయటి రింగుకు వెళుతుంది కదా. రోడ్డెక్కకముందే ఆ బేరింగ్ సగం చచ్చిపోయింది. ఆ గుంటలు పెద్దవై చప్పుడుగా బయటపడటానికి 14,000 పట్టిందంతే.

అందుకే మూడో జత నేనే వేశాను. నా బండి ముందు చక్రానికి 6202 నంబరు, అంటే లోపల 15 మిల్లీమీటర్లు, బయట 35, మందం 11. ఈ నంబర్లలో ఒక సులువుంది. చివరి రెండంకెలు 04, అంతకు మించి ఉంటే వాటిని 5తో గుణిస్తే లోపలి కొలత వచ్చేస్తుంది, 6204 అంటే 20 మిల్లీమీటర్లు. 02కి 15, 03కి 17 అని గుర్తుపెట్టుకోవాలి. నంబరు తర్వాత వచ్చే అక్షరాలు కూడా అంతే ముఖ్యం. జడ్‌జడ్ అంటే రెండు వైపులా రేకు మూత, అది లోపలి రింగుకు తగలదు, సన్నని సందు ఉంటుంది. 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీల్. కొన్ని కంపెనీలు దాన్నే డీడీయూ అనో, ఎల్ఎల్‌యూ అనో రాస్తాయి. రెండో జత రేకు మూతలది, మూడోది రబ్బరుది.

వేసే పని ఓపికతో చేయాల్సింది. కొత్త బేరింగులను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. పొద్దున డ్రయ్యర్‌తో హబ్‌ని, అంటే బేరింగులు కూర్చునే చక్రం మధ్య భాగాన్ని, చేయి ఆనించలేనంత వేడి చేశాను. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 35 మిల్లీమీటర్ల రంధ్రం 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.05 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది, కానీ బేరింగ్ సుత్తితో పనిలేకుండా జారి కూర్చోవడానికి అదే చాలు. మంట మాత్రం పెట్టొద్దు, సీల్ రబ్బరుకూ గ్రీజుకూ అంత వేడి పనికిరాదు. ఇంకా కొంచెం తట్టాల్సి వస్తే పాత బేరింగ్ బయటి రింగునో, సరిగ్గా ఆ కొలత ఉన్న సాకెట్‌నో అడ్డు పెట్టి, బయటి రింగు మీదే తట్టాలి.

రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం ఉంటుంది, స్పేసర్. ఒకవైపు బేరింగ్ పూర్తిగా కూర్చున్నాక గొట్టం పెట్టి, రెండోవైపు బేరింగ్‌ని దాని లోపలి రింగు గొట్టానికి తగిలే వరకే దించి ఆపాలి. ఇంకా కొడితే, లేదా గొట్టం పెట్టడమే మర్చిపోతే, ఇరుసు నట్టు బిగించగానే గోళీలు పక్క ఒత్తిడిలో పడతాయి. అలాంటి బేరింగులు ఎక్కువ కాలం ఉండవు. బిగించాక చక్రం బరువెక్కినట్టు తిరిగితే అక్కడే ఆగి, మళ్లీ విప్పి చూడాలి. దుమ్ము లోపలికి రాకుండా ఆపే డస్ట్ సీళ్లు కొత్తవే వేయండి, వాటి లోపలి అంచుకు కొంచెం గ్రీజు పూసి. ఇంకో మాట, లోపలి రింగును కొట్టి బయటికి తీసిన బేరింగ్ ఎంత బాగున్నట్టు కనిపించినా తిరిగి వేయకూడదు. ఒకటి పోతే రెండూ మార్చాలి.

ఈ మూడో జత మీద నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, చాలా తృప్తిగా ఉంది. 17 అంగుళాల చక్రం కిలోమీటరుకు సుమారు 520 చుట్లు తిరుగుతుంది. అంటే ఈ బేరింగులు ఇప్పటికి రెండున్నర కోట్ల చుట్లు తిరిగాయి. కిందటి నెల టైరు మార్చినప్పుడు వేలు పెట్టి చూశాను, మొదటి రోజున్న నిండుతనమే ఉంది. లోపమంటూ చెప్పాలంటే, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు చక్రం చేత్తో తిప్పితే త్వరగా ఆగిపోయేది. మైలేజీలో మాత్రం తేడా కనపడలేదు. ఇందులో రబ్బరు సీల్ వాటా ఎంత, సరిగ్గా వేయడం వాటా ఎంత అంటే, వేయడానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. బండితో వచ్చిన మొదటి జత, వానల్లో నేను పట్టించుకోకుండా తిప్పినా, 31,000 నడిచింది కదా.

రబ్బరు సీల్ ఉందని ప్రెజర్ పంపు నీళ్లు నేరుగా హబ్ మీద కొట్టించొద్దు. చిమ్మే నీళ్లనూ దుమ్మునూ అది ఆపుతుంది గానీ, అంత ఒత్తిడిని ఆపలేదు. నేను బకెట్, స్పాంజితోనే కడుగుతాను. సీల్ అంచున గోధుమరంగు జిగురు కనిపిస్తే నీళ్లు లోపలికి వెళ్లి తుప్పు మొదలైనట్టే.

వెనక చక్రం కథ వేరు. అక్కడ హబ్‌లో రెండు కాక, స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) ఉండే ముక్కలో మూడోది ఉంటుంది. మెకానిక్‌లు చాలాసార్లు దాన్ని చూడరు. చైన్ ఉండగా చక్రం తిప్పితే చైన్ చప్పుడే వినపడుతుంది కాబట్టి, చైన్ తీసి చూడాలి. స్ప్రాకెట్‌ని రెండు చేతులా పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. ముందుకీ వెనక్కీ కొంచెం కదిలితే అది లోపలి రబ్బర్ల వల్ల, మామూలే. పక్కలకు ఊగితే బేరింగే. చక్రం మొత్తం ఊగుతుంటే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) బుష్‌లను కూడా అనుమానించాలి. స్వింగ్ ఆర్మ్‌ని ఒకరు కదలకుండా పట్టుకుంటే రెండింటి తేడా తెలుస్తుంది.

ఈ మూడో బేరింగ్‌ని చంపేది ఎక్కువగా బిగువు చైనే. బాల్ బేరింగుల లెక్కలో ఒక కఠినమైన సూత్రం ఉంది. బరువు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చప్పుడు పోతుందని చైన్‌ని తీగలా బిగించి తిరిగే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. బండి మీద మనిషి కూర్చున్నాక కూడా చైన్ కొంచెం వదులుగా ఉండాలి. ఎంతన్నది బండి పుస్తకంలో రాసి ఉంటుంది.

ప్లే తెలిసిన రోజే బండి ఆపేయండి. "ఇంకో నెల లాగుదాం" అనే భాగం కాదిది. గోళీల పంజరం విరిగితే చక్రం ఒక పక్కకు ఒరిగిపోవచ్చు, బిగుసుకుపోవచ్చు కూడా. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే వదులైన బేరింగ్ వల్ల సెన్సర్ రింగు సందు మారి ఆ లైటు వెలగొచ్చు. అప్పుడూ సెన్సర్ మార్చే ముందు చక్రం ఊపి చూడండి.

మొన్న ఆదివారం బ్రేక్ షూలు తుడవడానికి వెనక చక్రం విప్పాను. హబ్‌లోవి రెండూ నున్నగా ఉన్నాయి. స్ప్రాకెట్ వైపుది మాత్రం ఒక చుట్టులో ఒకేచోట వేలికి సన్నగా గరుకు తగిలింది. నాలుగుసార్లు తిప్పి చూశాను, నాలుగుసార్లూ అక్కడే. బయటికి ఏ చప్పుడూ లేదు, ప్లే కూడా లేదు. కొత్తది తెచ్చి కవరు విప్పకుండానే ఫ్రీజర్‌లో పెట్టాను. రేపు పొద్దున వేస్తాను.