మూడు మతాల మధ్యయుగ స్పెయిన్: కోర్దోబా, గ్రనాడా, టొలేడోల్లో ఏం చూడాలి, ఎక్కడ ఉండాలి

ముస్లింలు, క్రైస్తవులు, యూదులు స్పెయిన్‌లో ఎనిమిది వందల ఏళ్లు కలిసిమెలిసి బతికారని టూర్ కంపెనీల కరపత్రాలు చెబుతాయి. అక్కడి గోడలు చెప్పేది ఇంతకంటే చిక్కైన కథ, ఇంతకంటే ఆసక్తికరం కూడా. 711లో ముస్లిం సేనాని తారిఖ్ ఇబ్న్ జియాద్ జిబ్రాల్టర్ జలసంధి దాటినప్పటి నుంచి 1492లో గ్రనాడా లొంగిపోయేదాకా అధికారం చేతులు మారుతూనే ఉంది. ముస్లిం పాలనలో క్రైస్తవులు, యూదులు జిజియా పన్ను కట్టి తమ మతం తాము పాటించుకున్నారు. క్రైస్తవ పాలనలో ముస్లింలు, యూదులు రాజుకు పన్ను కట్టి అలాగే బతికారు. ఆ ఏర్పాటు బెడిసికొట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1066లో గ్రనాడాలో యూదులను ఊచకోత కోశారు. 1391లో సెవిల్‌లో మొదలైన దాడులు ఊరూరా పాకాయి. 12వ శతాబ్దంలో ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం పాలకులు అల్మొహాద్‌లు మతం మారమని ఒత్తిడి పెట్టడంతో, కోర్దోబాలో పుట్టిన యూదు పండితుడు మైమోనిడీస్ కుటుంబం ఊరు వదిలిపోయింది. అందుకే ఇక్కడ ఏ కట్టడం ముందు నిలబడినా డబ్బు ఎవరిది, పని చేసిన చెయ్యి ఎవరిది అని ఆరా తీయాలి. చాలాచోట్ల ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే మతంలో దొరకదు.

మాడ్రిడ్‌లో దిగి, అటోచా స్టేషన్‌లో హైస్పీడ్ రైలెక్కితే కోర్దోబాకు సుమారు గంటా నలభై ఐదు నిమిషాలు. అక్కడి నుంచి గ్రనాడాకు గంటన్నరకు అటూ ఇటూ. తర్వాత మాడ్రిడ్ తిరిగొచ్చి టొలేడో రైలెక్కాలి, అది అరగంట పైచిలుకు ప్రయాణం. కాలక్రమం ప్రకారమైతే గ్రనాడా ఆఖర్న రావాలి, కానీ టొలేడో రైళ్లు మాడ్రిడ్ నుంచే కాబట్టి ఈ వరుసే సుఖం. ఊరికి రెండు రాత్రుల చొప్పున ఉంచుకోండి. కోర్దోబా లైన్‌లో ప్రభుత్వ రైల్వే సంస్థ రెన్ఫేతో పాటు ఇర్యో, ఊయిగో రైళ్లు కూడా నడుస్తాయి, ముందుగా కొంటే చవక. పెద్ద పెట్టెల నియమం కంపెనీకొక రకం, కొనేముందే చూసుకోవాలి. ప్లాట్‌ఫాం మీదికి వెళ్లే ముందు సామాను స్కానింగ్ ఉంటుంది, గేటు రైలు కదలక ముందే మూసేస్తారు. మన స్టేషన్లలోలాగా ఆఖరి నిమిషంలో పరుగెత్తి ఎక్కడం కుదరదు, అరగంట ముందు చేరాలి.

జూలై, ఆగస్టుల్లో కోర్దోబా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మనకు ఎండలు కొత్తా అని బయల్దేరకండి, చూడాల్సిన శిథిలాల్లో నీడ దొరకదు. ఏప్రిల్, మే, అక్టోబరు మేలు. అయితే ఈస్టర్‌కు ముందు వారంలో ఊరేగింపులకు దారులు మూసేస్తారు. మే మొదటి పక్షంలో కోర్దోబాలో ఇళ్ల లోగిళ్ల పూల పండుగ జరుగుతుంది, అప్పుడు గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి.

కోర్దోబాలో ప్రధానమైనది మెస్కీటా, అంటే పెద్ద మసీదు, ఇప్పుడు కేథడ్రల్. సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 8:30 నుంచి 9:30 వరకు ప్రవేశం ఉచితం, టూర్ గుంపులను రానివ్వరు. గంట కాగానే అందరినీ బయటికి పంపిస్తారు. స్తంభాల అడవిని నిశ్శబ్దంగా చూడాలంటే ఇదే సమయం, వివరంగా చూడాలంటే టికెట్ కొని మధ్యాహ్నం మళ్లీ రావాలి. రెండూ చేయడం మంచిది. ఆదివారం ఉదయం ప్రార్థనల వల్ల సందర్శకులకు మధ్యలో కొన్ని గంటలు మూసేస్తారు.

785లో అప్పటి ముస్లిం పాలకుడు మొదటి అబ్ద్ అల్ రహ్మాన్ ఈ కట్టడం మొదలుపెట్టినప్పుడు స్తంభాలు చాలావరకు పాత రోమన్ కట్టడాల నుంచి, ముస్లింలకు ముందు స్పెయిన్‌ను ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చారు. అవి పొట్టివి, ఎత్తులు కూడా ఒకేలా లేవు. వాటి మీదే కప్పు వేస్తే అంత పెద్ద హాలు గుహలా ఉండేది. అందుకని కమాను మీద కమాను కట్టి కప్పు పైకెత్తారు. కింది కమాను గుర్రపు లాడం ఆకారంలో, పైది అర్ధవృత్తంగా ఉంటుంది. ఎర్ర ఇటుక, తెల్ల రాయి మార్చి మార్చి పేర్చడంతో చారలు వచ్చాయి. తూర్పు వైపుకు నడవండి. అది 987లో, అప్పట్లో అధికారం చేతిలో ఉన్న మంత్రి అల్ మన్సూర్ పెంచిన భాగం. అక్కడి చారలను దగ్గరగా చూస్తే ఇటుక కనబడదు, అంతా రాయే, ఎరుపు పైన వేసిన రంగు. పనిలో తొందర ఎంతో, ఖర్చు ఎక్కడ తగ్గించారో అక్కడ తెలిసిపోతుంది. ఇక 960ల నాటి మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గూడు) చుట్టూ ఉన్న బంగారు మొజాయిక్ కోసం ఖలీఫా రెండో అల్ హకమ్ అడిగితే, బైజాంటియం క్రైస్తవ చక్రవర్తి గాజు పలకలతో పాటు పనివాణ్ణి కూడా పంపాడు. 1236లో క్రైస్తవ రాజు మూడో ఫెర్దినాండ్ ఊరు గెలిచాక మసీదు చర్చి అయింది. కొత్త పాలకులు కూడా దాన్ని చాలాకాలం పెద్దగా కదపలేదు. నడుమ కనిపించే ఎత్తైన కేథడ్రల్ భాగం 1523లో మొదలైంది. లోపల నమాజు చేయనివ్వరు, ఎవరైనా మోకరిల్లితే కాపలావాళ్లు వచ్చి ఆపుతారు.

మెస్కీటాకు కాస్త దూరంలో 1315 నాటి యూదుల ప్రార్థనాలయం ఉంది. ఒక్క గదే, పావుగంటలో చూసేయొచ్చు. గోడల మీద హీబ్రూ అక్షరాలు, వాటి చుట్టూ ముస్లిం పనితనపు గచ్చు నగిషీ. కోర్దోబా అప్పటికే క్రైస్తవ రాజుల చేతిలో ఉంది. 1492లో యూదులను దేశం నుంచి బహిష్కరించాక దాన్ని ఆసుపత్రిగానూ, చెప్పులు కుట్టేవాళ్ల సంఘం చోటుగానూ వాడారు. సోమవారం సెలవు.

ఊరికి 8 కిలోమీటర్ల దూరంలోని మదీనా అజహారాకు కూడా సోమవారమే సెలవు. మూడో అబ్ద్ అల్ రహ్మాన్ 929లో ఖలీఫాగా ప్రకటించుకుని, కొన్నేళ్లకు కట్టుకున్న రాజధాని ఇది. నూరేళ్లు నిండకుండానే అంతర్యుద్ధంలో ధ్వంసమైంది. ఊళ్లోంచి బస్సు మ్యూజియం దాకే వెళ్తుంది. అక్కడ ఇంకో బస్సుకు విడిగా టికెట్ కొని కొండ మీదికి వెళ్లాలి. మ్యూజియంలో గంట గడిపి పైకి వెళ్లండి. నేరుగా వెళ్లినవాళ్లకు పైన కూలిన గోడలు తప్ప ఏమీ అర్థం కాదు. ఈ ఖలీఫా విదేశీ రాయబారాల్లో యూదు వైద్యుడు హస్దాయ్ ఇబ్న్ షప్రూత్‌కు పెద్ద పాత్ర ఉండేది. జర్మనీ రాజు మొదటి ఓటో దగ్గరికి రాయబారిగా వెళ్లింది రెసెముండో అనే అరబ్బీ తెలిసిన క్రైస్తవుడు. కొండ మీద నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే ఆ ఖాళీ మెట్ల వరసలకు మనుషులు వస్తారు.

కోర్దోబాలో బస పాత యూదుల పేట సందుల్లో తీసుకుంటే అన్నీ నడక దూరమే. కానీ టాక్సీ ప్రతి గుమ్మం దాకా రాదు, సామాను ఈడ్చుకోవాలి. ఏసీ ఉందో లేదో తప్పకుండా అడగండి.

గ్రనాడాలో ముస్లిం రాజుల కొండకోట అల్‌హంబ్రా టికెట్ దొరక్కపోతే ప్రయాణంలో సగం పోయినట్టే. వారాల ముందే అయిపోతాయి, కాబట్టి విమానం టికెట్ కంటే ముందు దీని తేదీ చూసుకోవాలి. అధికారిక సైట్‌లోనే కొనండి. టికెట్ పేరు మీద, పాస్‌పోర్ట్ నంబరుతో ఇస్తారు. అసలు పాస్‌పోర్ట్ వెంట లేకపోతే లోపలికి పంపరు, ఫోన్‌లో ఫొటో చాలదు. టికెట్ మీద ఉన్న సమయం గ్రనాడాను ఆఖరున ఏలిన ముస్లిం వంశం నస్రిద్‌ల రాజభవనాలకు మాత్రమే వర్తిస్తుంది, అది దాటితే ఆ భాగం చూడలేరు. చాలామంది పొరపడేది ఇక్కడే. జెనరలిఫే తోటల వైపు ప్రధాన ద్వారం నుంచి రాజభవనాలకు పావుగంట పైనే నడక. టికెట్ ముందే చేతిలో ఉంటే న్యాయ ద్వారం నుంచి రావడం దగ్గర. కింద ఊళ్లోంచి సీ30 నంబరు చిన్న బస్సు పైకి వెళ్తుంది.

రాజభవనాల గోడల మీద ‘అల్లా తప్ప విజేత లేడు’ అనే నస్రిద్ వంశ వాక్యం అడుగడుగునా కనిపిస్తుంది. గ్రనాడా లొంగుబాటుకు 1491 నవంబరులో కుదిరిన ఒప్పందంలో ముస్లింలకు మత స్వేచ్ఛ ఉంటుందని రాసిచ్చారు. పదేళ్లు తిరగకుండానే బలవంతపు మతమార్పిడులు మొదలయ్యాయి. యూదులు దేశం వదలాలన్న ఆజ్ఞ మీద ఇక్కడే 1492 మార్చి 31న సంతకం చేశారు. ఊళ్లో గ్రనాడాను గెలిచిన రాణి, రాజు ఇసబెల్, ఫెర్దినాండ్‌ల సమాధులున్న రాజ ప్రార్థనాలయం, దాని ఎదుటే 1349 నాటి మదరసా చూడొచ్చు. సమాధుల దగ్గర ఫొటోలు తీయనివ్వరు. కేథడ్రల్ చుట్టుపక్కల కొందరు చేతిలో రోజ్‌మేరీ రెమ్మ పెట్టి, జాతకం చెప్పి, డబ్బు అడుగుతారు. చెయ్యి చాపకుండా ముందుకు సాగిపోండి. బసకు అల్బైసిన్ కొండ అందమైనదే కానీ పెద్దవాళ్లతో వెళ్తే ఆ మెట్లు, గులకరాళ్ల దారులు కష్టం. పాత యూదుల పేట రెయలేహోలో కింది వీధులు చదునుగా ఉంటాయి, అదే మంచిది.

శాకాహారులకు ఓ మాట. సాల్మొరేహో అనే చల్లని టమాటా సూప్ మీద కూడా పంది మాంసం, గుడ్డు ముక్కలు చల్లుతారు, ‘సిన్ హామోన్, సిన్ వెవో’ అని ముందే చెప్పాలి. వంకాయ ముక్కలు వేయించి చెరకు పాకం పోసే బెరెన్హేనాస్ కోన్ మియెల్ మన నాలుకకు బాగా నప్పుతుంది. వంటింట్లో నూనె ఒకటే కావచ్చు, పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తినాలి. రాత్రి భోజనం 8:30కు ముందు ఎక్కడా సరిగా దొరకదు.

టొలేడోను మాడ్రిడ్ నుంచి పూటలో చూసి వచ్చేవాళ్లే ఎక్కువ. మూడు ఊళ్లలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. సాయంత్రం ఆరు దాటితే పర్యాటకుల బస్సులు వెళ్లిపోయి సందులు ఖాళీ అవుతాయి. బస కోట లోపలే తీసుకోండి. స్టేషన్ నుంచి ఎత్తు బాగా ఉంటుంది, సామానుతో నడవొద్దు, సిటీ బస్సు గానీ టాక్సీ గానీ ఎక్కాలి. ఉత్తరం వైపు బిసాగ్రా ద్వారం దగ్గర ఎస్కలేటర్లు ఉన్నాయి.

1085లో ఆరో అల్ఫోన్సో ఈ ఊరు తీసుకున్నాక కూడా అరబ్బీ పోలేదు. మొసరబ్‌లనే ఇక్కడి క్రైస్తవులు పొలాల అమ్మకాలు, వీలునామాలు 13వ శతాబ్దం దాకా అరబ్బీలో రాసుకున్నారు. కేథడ్రల్‌లోని ఒక ప్రార్థనాలయంలో వారి పాత పద్ధతి పూజ ఇప్పటికీ జరుగుతుంది. క్రెమోనాకు చెందిన జెరార్డ్ ఖగోళ, వైద్య గ్రంథాలను అరబ్బీ నుంచి లాటిన్‌లోకి తెచ్చింది ఈ ఊళ్లోనే. ఆ అనువాదకుల బడి ఏదని వెతికితే కట్టడం దొరకదు, కాలం వృథా చేసుకోవద్దు. మన పంచతంత్రం కూడా ఈ అనువాదాల దారినే నడిచింది. కరటక దమనకుల కథ పహ్లవీ, అరబ్బీల మీదుగా 1251లో నేటి స్పానిష్‌కు మూలమైన కాస్తీలియన్‌లోకి వచ్చింది, చేయించింది తర్వాత రాజైన పదో అల్ఫోన్సో. 11వ శతాబ్దంలో టొలేడోలో న్యాయాధికారిగా ఉన్న సాయిద్ అల్ అందలూసీ, విద్యల్లో రాణించిన జాతుల్ని లెక్కపెడుతూ భారతీయులను మొదట నిలిపాడు.

క్రిస్తో దె లా లూస్ అనే చిన్న మసీదుతో మొదలుపెట్టండి. తొమ్మిది చిన్న గుమ్మటాలు, ఏ రెండూ ఒకేలా ఉండవు. ముఖద్వారం పైన ఇటుకల్నే అక్షరాలుగా పేర్చారు: అహ్మద్ ఇబ్న్ హదీదీ సొంత డబ్బుతో కట్టించాడని, నిర్మాణం మూసా ఇబ్న్ అలీదని, హిజ్రీ 390 అని, అంటే సుమారు 999. డబ్బు ఎవరిదో, చెయ్యి ఎవరిదో గోడే చెప్పేస్తుంది. క్రైస్తవులు దాన్ని పడగొట్టకుండా వెనక ఒక అర్ధవృత్తపు గది కలిపి చర్చి చేశారు. తర్వాత సాంతా మరియా లా బ్లాంకా: తెల్లటి ఎనిమిది పలకల స్తంభాలు, లాడం కమానులు. మసీదులా కనిపించే ఈ హాలు క్రైస్తవ రాజ్యంలో యూదులు కట్టుకున్న ప్రార్థనాలయం, ఆ తర్వాత చర్చి అయింది. ఈ రెండూ టూరిస్టు పట్టీతో చూడొచ్చు. చేతికి కట్టే ఆ పట్టీ తెగితే చెల్లదు.

ఎల్ ట్రాన్సితో ఆ పట్టీలో రాదు, విడిగా టికెట్ కొనాలి. కాస్తీల్ రాజు పెద్రో కోశాధికారి సామ్యూల్ హ లెవీ 1357 ప్రాంతంలో కట్టించిన ప్రార్థనాలయం ఇది. తూర్పు గోడ ముందు మెడ పైకెత్తి నెమ్మదిగా చూడండి: హీబ్రూ శాసనం, గచ్చు ఆకుల మధ్య అరబ్బీ అక్షరాలు, కాస్తీల్ రాజచిహ్నం, మూడూ ఒకే పనిలో కలిసిపోయి ఉంటాయి. అదే పెద్రో 1364లో సెవిల్‌లో కట్టుకున్న రాజభవనం ముఖభాగం మీద గ్రనాడాలో చూసిన ఆ అరబ్బీ వాక్యమే ఉంది. ఇంత కలిపి కట్టించిన రాజే ఆ భవనానికి కొన్నేళ్ల ముందు, 1360 ప్రాంతంలో, సామ్యూల్‌ను చెరలో వేయించాడు, అతను చిత్రహింసల్లో చనిపోయాడు. ఈ మ్యూజియానికి గంటన్నర పెట్టుకోండి, ఆడవాళ్లు కూర్చునే పై వసారాలో యూదుల ఇళ్లలోని వస్తువులు ఉంటాయి. శనివారం మధ్యాహ్నం నుంచి, ఆదివారం ప్రవేశం ఉచితం, సోమవారం మూత. ఆదివారం సాయంత్రం మాడ్రిడ్ తిరుగు రైళ్లలో సీట్లు అయిపోతాయి, వెళ్లేటప్పుడే రెండు వైపులా టికెట్ తీసుకోండి.