విడాకులా, విడిగా ఉండటమా: భరణం ఆగేదెప్పుడు, పింఛను వచ్చేదెవరికి

చాలామంది భరణం బేరం నెలకు ఎంత అన్న దగ్గరే ఆగిపోతుంది. భర్త పోయాక ఏమిటన్నది ఎవరూ అడగరు.

విడాకులు తీసుకున్నామె మళ్లీ పెళ్లి చేసుకోకపోతే భరణం అడగొచ్చు. చేసుకుంటే ఆగుతుంది, కానీ దానంతటదే కాదు: భర్త ఆర్డరు ఇచ్చిన కోర్టులోనే, తిరుపతిలో ఇస్తే తిరుపతిలోనే, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 146 కింద పిటిషన్ వేయాలి. ఊరికే కట్టడం మానేస్తే బకాయికి వారెంటు వస్తుంది. ఆమె వైపు గడువు కూడా ఉంది, బాకీ పడ్డ ఏడాదిలోపే వసూలు పిటిషన్ వేయాలి.

అసలు తేడా కుటుంబ పింఛనులో, అంటే ఉద్యోగి పోయాక కుటుంబానికి వచ్చే పింఛనులో. విడాకుల డిక్రీ పడితే ఆమె భార్య కాదు, కాబట్టి పింఛనూ రాదు. భరణం ఎంత నిక్కచ్చిగా అందినా ఇంతే. డిక్రీ లేకుండా విడిగా ఉన్నామె మాత్రం భార్యే. తిరుపతి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పాత పింఛను కింద ఉన్న ఉద్యోగి చివరి బేసిక్ 50,000 అయితే, ఆమెకు మామూలు రేటు అందులో 30 శాతం, అంటే 15,000, పైన డీఆర్ (పింఛనుదారులకు ఇచ్చే కరువు భృతి). రేణిగుంట ఫ్యాక్టరీ ఉద్యోగికి ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం): సభ్యుడి పింఛను 4,200 ఉంటే రిటైరయ్యాక అతను పోతే వితంతువుకు 2,100. ఆమె మళ్లీ పెళ్లాడితే అది ఆగుతుంది. ఈపీఎస్‌కు దరఖాస్తు ఫారం 10డీ.

పిల్లల హక్కు తల్లి విడాకులతో పోదు. ఈపీఎస్‌లో 25 ఏళ్ల వరకు, ఒకేసారి ఇద్దరికి.

గుర్తింపు పత్రాల్లో, సర్వీసు రికార్డులో భార్య పేరు తేడాగా ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. భర్త బతికుండగానే సరిచేయించాలి.