మేత మొక్కజొన్నకి యూరియా: ఒకేసారా, రెండు దఫాలా, సీసాలోదా, బొబ్బర్లా?

గింజ కోసం వేసిన మొక్కజొన్నలో కంకి కోసుకున్నాక చొప్పలో కొంతయినా చేలో మిగులుతుంది. మేతకి వేస్తే మోడు తప్ప అంతా పాకకే పోతుంది. అందుకే దీని లెక్క వేరు. పది టన్నుల పచ్చిమేతలో ఎండు పదార్థం రెండు టన్నులు అనుకుందాం. మాంసకృత్తులు 8 శాతం చొప్పున 160 కిలోలు. మాంసకృత్తుల్లో నత్రజని 16 శాతం లెక్కన, అంటే 6.25తో భాగిస్తే, నత్రజని దాదాపు 26 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేదేమో 20.7 కిలోలే. పైగా వేసినదంతా మొక్కకి చేరదు, ధాన్యపు పంటల్లో సగం అందినా గొప్పే.

విశాఖ జిల్లా పద్మనాభం, ఆనందపురం వైపు చాలామంది విత్తిన రోజే బస్తాలు చల్లేసి చేతులు దులుపుకుంటారు. ఒక పూటతో పని అయిపోతుంది, కూలి మిగులుతుంది. నేనూ రెండేళ్ల క్రితం అరెకరంలో అదే చేశాను. జూలైలో ఒక బస్తా చల్లిన మర్నాటి నుంచి మూడు రోజులు ఆగని వాన. మోకాలెత్తు వచ్చేసరికి కింది ఆకులు కొన నుంచి నడిమి ఈనె వెంట పసుపెక్కాయి. ఇంకో బస్తా కొనక తప్పలేదు. మొదటి మూడు వారాలు మొక్క తీసుకునేది చాలా తక్కువ. ఈలోగా తేలిక ఎర్రనేలలో నత్రజని వాన నీటితో వేళ్లకి అందనంత కిందికి దిగిపోతుంది. వాన లేకుండా తడి నేల మీద ఎండ కాసినా నష్టమే, పైన పడిన యూరియా అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

ఇప్పుడు మూడో వంతు విత్తేటప్పుడు, మిగతాది 25-30 రోజులకి వేస్తున్నాను. మొక్క మొదలుకి నాలుగు వేళ్ల దూరంలో, చాలు పక్కన వేసి మట్టి ఎగదోస్తాం. ఉన్న తేడా అంతా ఆ మట్టి కప్పడంలోనే. 2015 నుంచి మనకొచ్చే యూరియాకంతా వేప పూత ఉంటోంది. అది యూరియా నైట్రేటుగా, అంటే నీటితో తేలిగ్గా కిందికి దిగిపోయే రూపంలోకి, మారే వేగాన్ని తగ్గిస్తుంది గానీ, పైనే వదిలేస్తే అమ్మోనియా ఎగిరిపోకుండా పెద్దగా ఆపలేదు. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. ఇంకోటి, యూరియా గుళికలు మొవ్వులో పడితే ఆకు మాడుతుంది. అందుకే పొద్దున్నే మంచు మీద చల్లకూడదు.

సీసాలో వచ్చే నానో యూరియా మోయడానికి తేలిక. నాలుగు శాతం నత్రజని ఉన్న అర లీటరు సీసాలో ఉండేది 20 గ్రాములు. బస్తాలో కిలోలు, ఇందులో గ్రాములు. ఆకు మీద కొడితే వృథా తక్కువన్న మాట ఒప్పుకున్నా, వెయ్యి రెట్ల తేడా ఎలా పూడుతుంది? బస్తా వేశాక పైన ఒకసారి కొడతామంటే కొట్టుకోండి. బస్తాకి బదులంటే మాత్రం నేను నమ్మను.

రెండు చాళ్లు మొక్కజొన్న, ఒక చాలు బొబ్బర్లు వేస్తే మేతలో మాంసకృత్తులు పెరుగుతాయి. బొబ్బర్లు తమకి కావలసిన నత్రజనిలో ఎక్కువ భాగం గాలి నుంచే సంపాదించుకుంటాయి. అయితే అరవై, డెబ్బై రోజుల్లో పక్కనున్న మొక్కజొన్నకి పంచేది అంతంతమాత్రం. కాబట్టి మొక్కజొన్న చాళ్లకి యూరియా మానకూడదు, బొబ్బర్ల చాలుకి వేయక్కర్లేదు. తీగ అల్లుకుంటే కోసేటప్పుడు మా ఆవిడ విసుక్కుంటుంది. గేదెలు మాత్రం ముందు బొబ్బరాకునే ఏరుకుంటాయి.

ఎక్కువేస్తే ఎక్కువ మేత అనుకోవద్దు. వాన ముఖం చాటేసినా, రోజుల తరబడి మబ్బు పట్టినా, తీసుకున్న నైట్రేటు అరగక కాండం అడుగున పేరుకుంటుంది. అది పశువుకి విషం. అలాంటి రోజుల్లో మొదలు జానెడు వదిలి కోయాలి. కోత దగ్గర పడ్డాక యూరియా జోలికే పోకూడదు.

నా ఓటు రెండు దఫాలు, మట్టి కప్పు, మధ్యలో బొబ్బర్లకి. ఇంత చేసినా నత్రజని కారిపోయే చోటు ఇంకొకటుంది. పశువు తిన్న నత్రజనిలో పాలలోకి వెళ్లేది పావు వంతుకి అటూ ఇటూ. మిగతాది దాదాపు అంతా పేడలో, మూత్రంలో బయటికొస్తుంది. పేడ గెత్తం (పశువుల ఎరువు) గుంతకి పోతోంది సరే, మూత్రం ఇన్నాళ్లూ వీధి కాలవలోకే పోయేది. ఈ వేసవిలో పాక గచ్చు వాలు గుంత వైపుకి తిప్పించాం.