యుద్ధం వేళ సరుకు ఓడకు ఏ దారి మేలు: సూయజ్ కాలువా, ఆఫ్రికా చుట్టూనా?

2023 నవంబర్‌లో యెమెన్ సాయుధ తిరుగుబాటుదారులైన హౌతీలు, సూయజ్ కాలువకు వెళ్లే దారైన ఎర్ర సముద్రంలో ‘గెలాక్సీ లీడర్’ ఓడ మీద హెలికాప్టర్‌లో దిగి, దాన్ని పట్టుకుపోయారు. గాజాలో ఇజ్రాయెల్ యుద్ధానికి నిరసన అంటూ ఆ దారిలో ఓడల మీద దాడులకు దిగారు. అలా గాజా యుద్ధం సెగ సరుకు ఓడలకు తగిలింది. మామూలు రోజుల్లో ఆసియా నుంచి యూరప్‌కు సూయజ్ కాలువే దగ్గరి దారి. ఆఫ్రికా దక్షిణ కొస దగ్గరున్న కేప్ ఆఫ్ గుడ్‌హోప్ చుట్టి వెళ్తే పది రోజుల నుంచి రెండు వారాలు ఎక్కువ. రానుపోను అదనపు ఇంధనానికే 10 లక్షల డాలర్ల దాకా అవుతుంది.

అయినా సూయజ్ చవక అనడానికి లేదు. దాడులు ముదిరాక వార్ రిస్క్ ప్రీమియం (యుద్ధ ప్రమాదానికి కట్టే ఇన్సూరెన్స్) ఓడ విలువలో 1 శాతం దాకా పోయింది. ఓడ ఖరీదు 10 కోట్ల డాలర్లయితే ఒక్కసారి దాటడానికే 10 లక్షలు. కాలువ టోల్ దానికి అదనం. ఇక డబ్బు లెక్కకు అందనిది ఒకటుంది: 2024 మార్చిలో ‘ట్రూ కాన్ఫిడెన్స్’ ఓడ మీద పడిన హౌతీల క్షిపణికి ముగ్గురు నావికులు చనిపోయారు. ఓడ నడిపేవాళ్ల వైపు నుంచి చూస్తే కేప్ దారే మేలు, నాకైతే ఇందులో రెండో మాట లేదు.

పైగా షిప్పింగ్ కంపెనీలకు ఇది కలిసొచ్చింది కూడా. దారి పొడవైతే అదే సరుకు మోయడానికి ఎక్కువ ఓడలు కావాలి. ఖాళీ ఓడలు తగ్గాయి, ఫ్రైట్ (ఓడ రవాణా ఛార్జీ) పెరిగింది. డెన్మార్క్ షిప్పింగ్ కంపెనీ మెర్స్క్ లాభం 2023 కంటే 2024లో బాగా ఎక్కువ! దెబ్బ ఈజిప్టుకు తగిలింది. కాలువ ఆదాయం 2023లో వెయ్యి కోట్ల డాలర్లు దాటితే, 2024లో 400 కోట్ల దగ్గర ఆగింది. అప్పటికే డాలర్ల కొరతతో అల్లాడుతున్న దేశానికి అది చిన్న లోటు కాదు. 

సరుకు పంపేవాళ్ల సంగతి వేరు. విశాఖ నుంచి అమెరికా తూర్పు తీరానికి వెళ్లే రొయ్యలే చూడండి. మైనస్ 18 డిగ్రీల రీఫర్ (శీతల) కంటైనర్‌లో రెండు వారాలు ఆలస్యమైనా సరుకు పాడవదు. కానీ సరుకు చేరాకే డబ్బు ఇచ్చే బయ్యర్ అయితే అన్నాళ్లూ పెట్టుబడి ఇరుక్కుపోతుంది, బ్యాంకు వడ్డీ ఆగదు. ఇక్కడ దారి కంటే ఒప్పందమే ముఖ్యం. సీఐఎఫ్ (సరుకు ధరలోనే ఇన్సూరెన్స్, ఫ్రైట్ కలిపే పద్ధతి) కింద అమ్మితే ఫ్రైట్, ఇన్సూరెన్స్ మీ నెత్తినే. ఎఫ్‌ఓబీ (సరుకు ఓడ ఎక్కించే వరకే అమ్మేవాళ్ల ఖర్చు) అయితే ఆ ఖర్చు బయ్యర్‌ది, కాకపోతే రేటు తగ్గించమని అడుగుతాడు. చిన్న ఎగుమతిదారుకు నా ఓటు ఎఫ్‌ఓబీకే.