పన్నెండేళ్ల పిల్లకు మొదటి రైఫిల్: .243 మేలా, 6.5 క్రీడ్‌మోర్ మేలా, 7 ఎంఎం-08 మేలా?

మా తమ్ముడు టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో దగ్గర ఉంటాడు. వాడి కూతురికి పన్నెండేళ్లు. అక్కడ జింకల సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. దానికి ముందు వారం పిల్లలకని విడిగా కొన్ని రోజులు ఇస్తారు. ఆ రోజుల్లో తనూ వెళ్తానని మా మేనకోడలు పట్టుబట్టింది. "అక్కా, నువ్వు ఇన్నేళ్లుగా క్లబ్బులో రైఫిల్ పట్టినదానివి, దీనికి ఏది కొనమంటావు?" అని తమ్ముడు ఫోన్ చేశాడు. పైన రాసిన .243, 6.5 క్రీడ్‌మోర్, 7 ఎంఎం-08 తూటా రకాల పేర్లు; రైఫిల్‌ను అది కాల్చే తూటా పేరుతోనే పిలుస్తారు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మేముండేది వేళచ్చేరిలో. ఐఐటీ క్యాంపస్‌లోకి ఎప్పుడు వెళ్లినా చెట్ల కింద చుక్కల దుప్పులు నిలబడి మనవైపే చూస్తుంటాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వాటి మీద తుపాకీ ఎత్తడం నేరం, అది నేరంగానే ఉండాలి కూడా. కానీ ఇదే దుప్పిని 1930లలో టెక్సాస్ తీసుకెళ్లి వదిలారు. అక్కడ వాటి సంతతి బాగా పెరిగింది. బయటినుంచి వచ్చిన జంతువు కాబట్టి ఏడాది పొడవునా వేటాడవచ్చు. తెల్లతోక జింకకు మాత్రం సీజను ఉంటుంది, ఇన్నే కొట్టాలని లెక్క ఉంటుంది. తమ్ముడి ఇంట్లో ఆ మాంసమే ఫ్రీజర్‌లో పెట్టుకుని తింటారు. పిల్ల ఎటూ వెళ్తుంది. వెళ్తే, జంతువు ఒక్క దెబ్బకే పడిపోవాలి. పొట్టలో తూటా పెట్టుకుని పొదల్లోకి పోయి రాత్రంతా విలవిల్లాడకూడదు. నాకు కావలసింది అదొక్కటే, అన్ని తుపాకులనూ అక్కడినుంచే చూశాను.

పోయిన ఏడాది జరిగింది ముందు చెప్పాలి. తమ్ముడి స్నేహితుడొకరు పిల్లను రేంజికి తీసుకెళ్లి .30-06 రైఫిల్ చేతికిచ్చారు. పెద్దవాళ్ల తుపాకీ అది, భుజానికి ఆనించే బట్ పొడుగు. చెవులకు చప్పుడు తగ్గించే మఫ్‌లు పైపైన పెట్టారు. మూడు గుండ్లు కాల్చేసరికి భుజం ఎర్రగా కమిలింది, స్కోప్ అంచు కనుబొమ మీద తగిలి గీరుకుంది. ఈ వేసవి సెలవులకు చెన్నై వచ్చినప్పుడు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పట్టుకోమన్నాను. ఆ రైఫిల్ వెనక్కి తన్నదు, తన్నడానికి అందులో ఏమీ లేదు. అయినా ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకునే సరికి పిల్ల రెండు కళ్లూ మూసుకుంటోంది, భుజం ముందుకు తోస్తోంది. గురి కిందికి, ఎడమకు పోతోంది.

అప్పుడు పెల్లెట్ తీసేసి, బ్యారెల్ చివర ఐదు రూపాయల బిళ్ల నిలబెట్టాను. "బిళ్ల పడకుండా ట్రిగ్గర్ నొక్కు" అన్నాను. మొదటి రోజు పదిసార్లూ పడింది. వారానికి పదిలో ఏడుసార్లు నిలిచింది. బిళ్ల నిలిచిన ప్రతిసారీ నా వైపు తిరిగి "చూశావా అత్తా" అనేది. ఆ మొహం చూశాక తమ్ముడికి ఏం చెప్పాలో తెలిసింది. ఎంత శక్తి కావాలన్నది రెండో ప్రశ్న. ఈ పిల్ల మళ్లీ కళ్లు మూసుకోకూడదు, అది మొదటిది.

ఇక లెక్కలు. బుల్లెట్, తుపాకీ మందు ముందుకు పోయే వేగం వల్ల రైఫిల్ వెనక్కి వస్తుంది. ఆ వచ్చే శక్తి రైఫిల్ బరువును బట్టి మారుతుంది. స్కోప్‌తో కలిపి 3.4 కిలోల రైఫిల్ అనుకుని, మామూలు తూటాలతో లెక్క కట్టాను. .243కు సుమారు 12 జౌళ్లు వస్తాయి. 6.5 క్రీడ్‌మోర్‌కు 17, 7 ఎంఎం-08కు 18, .308కు 21. పిల్ల చేతికిచ్చిన ఆ .30-06కు 28. కిలో బియ్యం పొట్లం నాలుగడుగుల ఎత్తునుంచి పడితే ఉండేది 12 జౌళ్లు. అదే పొట్లం మేడ మీదినుంచి పడితే 28. నలభై కిలోల పిల్ల భుజానికి ఆ రెండూ ఒకటి కావు.

.223 అయితే 5 జౌళ్లు కూడా ఉండదు. టెక్సాస్‌లో జింకకు రిమ్‌ఫైర్ తూటాలు (అడుగు అంచున దెబ్బ తగిలి పేలేవి) కుదరవు గానీ .223 సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో దెబ్బ తగిలేది) కాబట్టి చట్టం అడ్డు చెప్పదు. కొలరాడోలాంటి చోట్ల .24 అంగుళం కంటే సన్నటి తూటా వాడనివ్వరు. చేయి తిరిగినవాళ్లు మంచి బుల్లెట్‌తో, జంతువు సరిగ్గా పక్కకు తిరిగి నిలబడినప్పుడు .223తో పడగొడతారు. మొదటిసారి జింకను చూసి గుండె దడదడలాడే పిల్లకు అంత సన్నటి అవకాశం ఇవ్వడం నాకు ఇష్టం లేదు, దాన్ని పక్కన పెట్టేశాను. కింది పిడి ఆడించి తూటా ఎక్కించే .30-30 లివర్ రైఫిల్ తన్ను 14 దగ్గరే, అదేమీ చెడ్డది కాదు. కానీ పైన హామర్ (తూటాను పేల్చే సుత్తి) ఉండే పాత పద్ధతి రకాల్లో, ఎక్కించాక కాల్చకపోతే హామర్‌ను బొటనవేలితో పట్టి దించాల్సి వస్తుంది. చలికి వేళ్లు కొంకర్లు పోయిన పిల్ల చేత ఆ పని చేయించను.

మిగిలినవి మూడు. ఈ మూడింటిలో ఏది కొన్నా తప్పు కాదు, అందుకే ఎంపిక కష్టం.

6.5 క్రీడ్‌మోర్‌ను 2007లో హార్నడీ కంపెనీ దూరపు టార్గెట్ పోటీల కోసం తయారు చేసింది. సన్నగా పొడుగ్గా ఉండే బుల్లెట్ గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. తూటాలు అన్ని షాపుల్లో దొరుకుతాయి. కానీ ఆ గొప్పతనం కనిపించేది మూడు వందల మీటర్లు దాటాక. మా వాళ్లు కూర్చునేది చెక్కపెట్టెలాంటి గూడులో, మేత చల్లే యంత్రానికి తొంభై, వంద మీటర్ల దూరంలో. అక్కడ గాలి లెక్క అక్కర్లేదు. అక్కర్లేని గుణానికి పిల్ల భుజం ప్రతి గుండుకూ 5 జౌళ్లు ఎక్కువ కట్టాలి.

7 ఎంఎం-08 నాకు మనసుకు నచ్చిన తూటా. రెమింగ్టన్ 1980లో బయటికి తెచ్చింది, .308 తూటా గుల్ల (మందు నింపే లోహపు గొట్టం) మూతిని సన్నం చేసి. 9 గ్రాముల బుల్లెట్ ఎదిగిన మగ దుప్పికి కూడా నిండుగా సరిపోతుంది, ఆ దుప్పి అక్కడి కొండ ప్రాంతపు తెల్లతోక జింక కంటే బరువైనది. పిల్లల కోసం మందు తగ్గించిన హార్నడీ కస్టమ్ లైట్ లాంటి తూటాలు ఇందులో ఉన్నాయి. వాటితో తన్ను .243 దగ్గరికి దిగుతుంది. పిల్ల పెద్దదయ్యాక మామూలు తూటాలు వేసుకోవచ్చు, రైఫిల్ మార్చక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ తేలిక తూటాలు ప్రతి షాపులో ఉండవు. అవి దొరకని వారం తమ్ముడు మామూలు డబ్బా కొనుక్కొస్తాడు, వాణ్ని నేనెరుగుదును. అప్పుడు పిల్లకు ముందుగా చెప్పకుండానే 18 జౌళ్లు తగులుతాయి, నేను బిళ్లతో కట్టిన నమ్మకం ఆ ఒక్క గుండుతో పోతుంది.

.243 కూడా .308 గుల్లనుంచి వచ్చిందే, విన్చెస్టర్ 1955లో తెచ్చింది. 6.5 గ్రాముల బుల్లెట్ సెకనుకు 900 మీటర్ల వేగంతో పోతుంది. జింకకు ముందుకాలి వెనుక, గుండె ఊపిరితిత్తులుండే చోటు ఇంచుమించు టిఫిను ప్లేటంత ఉంటుంది. అందులో పడితే ఇది చాలు, ధారాళంగా చాలు. ఇందులోనూ ఒక ఉచ్చు ఉంది. ఇదే తూటాలో నక్కల్లాంటి చిన్న జంతువుల కోసం చేసిన 55, 58 గ్రెయిన్ల బుల్లెట్లు అమ్ముతారు (గ్రెయిన్ బుల్లెట్ బరువు కొలత, 100 గ్రెయిన్లంటే 6.5 గ్రాములు). అవి జింక భుజపు ఎముక మీదే పగిలిపోతాయి, జంతువు గాయంతో పారిపోతుంది. డబ్బా మీద జింక బొమ్మ చూసి కాకుండా, 85 నుంచి 100 గ్రెయిన్లు అని చదివి కొనాలి. మగ దుప్పి ఎదురుగానో, ఏటవాలుగానో నిలబడితే .243తో కాల్చకూడదు, పక్కకు తిరిగేదాకా ఆగాలి. ఆగడం పిల్లకు నేర్పగలం. వెనక్కి తన్నే తుపాకీని ప్రేమించడం నేర్పలేం.

అందుకని .243 కొనమన్నాను. పిల్లకు ఈ భయం లేకపోయి ఉంటే 7 ఎంఎం-08 అనే చెప్పేదాన్ని.

కానీ తూటా ఎంచుకోగానే పని అయిపోదు. పిల్లలకని అమ్మే రైఫిళ్లలో కొన్ని మరీ తేలిక. స్కోప్‌తో కలిపి 2.7 కిలోలే ఉంటే, అదే .243 తన్ను 12నుంచి 15 జౌళ్లకు పెరుగుతుంది, అంటే 6.5 క్రీడ్‌మోర్ వదిలి తగ్గించుకున్నదాంట్లో సగానికి పైగా తిరిగి ఇచ్చేసినట్టే. మోయడానికి తేలిగ్గా ఉందని షాపులో మురిసిపోతాం. ఈ పిల్ల గూడులో కూర్చుంటుంది, మెత్తటి సంచి మీద రైఫిల్ ఆనించి కాలుస్తుంది, కొండలెక్కి మోసేది లేదు. బరువు ఉండనివ్వమన్నాను.

బట్ పొడుగు ఇంకా ముఖ్యం. పెద్దవాళ్ల రైఫిల్‌కు ట్రిగ్గర్‌నుంచి బట్ చివరికి పదమూడున్నర అంగుళాల పైనే ఉంటుంది. పిల్లకు పన్నెండు, పన్నెండున్నర చాలు. మోచేతి మడతలో బట్ ఆనించి చూస్తే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద హాయిగా పడాలి. మాస్‌బర్గ్ పేట్రియాట్ సూపర్ బాంటమ్‌లో పన్నెండునుంచి పదమూడు అంగుళాలకు పెంచుకునే ముక్క ఉంటుంది, ముందు అది చూడమన్నాను. స్కోప్‌కూ కంటికీ మధ్య కనీసం తొమ్మిది సెంటీమీటర్లు ఖాళీ ఉండేది కావాలి. కనుబొమ మీద ఆ గీత మళ్లీ పడకూడదు.

బ్యారెల్ మూతికి బ్రేక్ (పేలిన గ్యాసును పక్కలకు మళ్లించే ముక్క) పెట్టిస్తే తన్ను తగ్గుతుంది కదా అని తమ్ముడు అడిగాడు. తగ్గుతుంది, నిజమే. కానీ రైఫిల్ చప్పుడు మామూలుగానే 155 డెసిబెల్స్ దాటుతుంది, బ్రేక్ ఆ చప్పుడును పక్కలకు, వెనక్కి తోస్తుంది. చెక్క గూడులో అది ఇంకా ఘోరం. పిల్ల కళ్లు మూసుకోవడంలో తన్నుకు ఎంత పాలుందో చప్పుడుకూ అంతే ఉందని నా నమ్మకం. బ్రేక్ వద్దు, మెత్తటి రబ్బరు ప్యాడ్ వేయించు, చెవుల్లో ప్లగ్‌లు, పైన మఫ్‌లు, రెండూ పెట్టు అన్నాను. సైలెన్సర్ అయితే చప్పుడూ తన్నూ రెండూ తగ్గుతాయి. దానికి అక్కడి కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు ఉంది, అది వాళ్లు చూసుకుంటారు.

రైఫిల్ పోయిన నెలలో వచ్చింది. రేంజికి వెళ్లిన రోజు ఇరవై గుండ్లు మించి కాల్చనివ్వొద్దని, మధ్యమధ్య చెప్పకుండా ఉత్తి డమ్మీ తూటా పెట్టమని చెప్పాను. డమ్మీ పడ్డప్పుడు బ్యారెల్ కదిలిందంటే ఆ రోజుకు ఆపేయాలి. నిన్న వీడియోలో చూపించారు. డమ్మీ పడింది, టక్ మంది, బ్యారెల్ కదల్లేదు. పిల్ల కుడికన్ను తెరిచే ఉంది.