జాగ్రత్త: యాంటిలోప్ కాన్యన్ "అడ్వెంచర్ వీకెండ్" ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి

అరిజోనాలో పేజ్ అనే ఊరి వైపు లాంగ్ వీకెండ్ ప్లాన్ చేస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. కయాకింగ్ (తెడ్డు వేసుకుంటూ చిన్న పడవలో వెళ్లడం), యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకైన రాతి లోయ, నది మెలిక తిరిగే హార్స్‌షూ బెండ్ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మే సైట్లు కనిపిస్తాయి. డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగండి: కాన్యన్‌లోకి తీసుకెళ్లేది నేల మీద నుంచా, లేక్ వైపు నుంచా?

మనందరం ఫొటోల్లో చూసే ఎర్ర రాతి గోడలు, వాటి మధ్య పైనుంచి నిట్టనిలువుగా దిగే వెలుతురు ఈ కాన్యన్‌లో అప్పర్ యాంటిలోప్ అనే భాగానివి. ఇంకో భాగం లోయర్. రెండూ నవాహో నేషన్ (నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతం) భూమిలో ఉన్నాయి. అనుమతి ఉన్న గైడ్ లేకుండా లోపలికి వెళ్లనివ్వరు. కయాక్ టూర్ వెళ్లేది మాత్రం అదే కాన్యన్ లేక్ పావెల్‌లో కలిసే చోటికి. అక్కడ కయాక్ దిగి కొంతదూరం నడవచ్చు గానీ, ఆ దారిలో ఫొటోలోని చోటికి చేరలేం.

మాకు చూపించింది మొదటిదాని ఫొటో, అంటగట్టింది రెండోది. బుక్ చేసేముందు చాట్‌లో "లైట్ బీమ్స్ కనిపించే కాన్యనే కదా?" అని స్పష్టంగానే అడిగాను. "అవును, మరచిపోలేని అనుభవం" అని జవాబిచ్చారు. మనిషికి 400 డాలర్ల పైనే కట్టాం. మా ఫ్రెండ్ డాలస్ నుంచి ఫీనిక్స్‌కి ఫ్లైట్‌లో వచ్చింది, అక్కడి నుంచి పేజ్‌కి నాలుగున్నర గంటలు డ్రైవ్.

పొద్దున్నే పడవలు నీళ్లలోకి దింపే యాంటిలోప్ పాయింట్ ర్యాంప్ దగ్గర గైడ్ లైఫ్ జాకెట్లు ఇస్తుంటే లైట్ బీమ్స్ ఎన్నింటికి అని అడిగాం. ఆ అమ్మాయి జాకెట్ బకిల్ బిగిస్తూ తల కూడా ఎత్తలేదు. "అది అప్పర్. వేరే కంపెనీ, వేరే టికెట్. మాది కయాక్ ఒక్కటే" అంది. రోజూ చెప్పే జవాబే అని గొంతులోనే తెలుస్తోంది. మా ఫ్రెండ్ నా వైపు తిరిగి, "ఏంటే, ఇంతదూరం వచ్చింది తెడ్డు వెయ్యడానికా?" అంది. అప్పటికప్పుడు అప్పర్‌కి ఫోన్ చేస్తే ఆ వీకెండ్ మొత్తం నిండిపోయింది.

కయాకింగ్‌కి వంక పెట్టను. విడిగా అయితే మళ్లీ వెళ్తాను. కానీ ఆ కయాక్ కంపెనీ దగ్గరే నేరుగా కొంటే ఎంత అని అడిగితే, మేం కట్టినదాంట్లో మూడో వంతు కూడా లేదు. మరి మిగతా డబ్బు దేనికి? హార్స్‌షూ బెండ్ "గైడెడ్ విజిట్" అట! అక్కడ 10 డాలర్లు పార్కింగ్ కట్టి ఎవరైనా నడిచి వెళ్లి చూడొచ్చు. ఆ 10 డాలర్లు కూడా మేమే కట్టుకున్నాం, గైడ్ జాడ లేదు. లేక్ ఉన్న గ్లెన్ కాన్యన్ రిక్రియేషన్ ఏరియా ఎంట్రీ ఫీజు కారుకి 30 డాలర్లు, అదీ మాదే.

ప్యాకేజీ అమ్మినవాళ్లని రిఫండ్ అడిగితే "వోచర్‌లో చివర్న వాటర్ యాక్సెస్ (నీటి వైపు నుంచి ప్రవేశం) అని ఉంది, పైగా మీరు టూర్ వాడేసుకున్నారు" అన్నారు. చాట్ స్క్రీన్‌షాట్, ప్రకటనలోని ఫొటో రెండూ పెట్టి క్రెడిట్ కార్డ్ కంపెనీకి డిస్ప్యూట్ (ఆ చార్జ్ మీద అభ్యంతరం) వేశాను. స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా వేస్తే మేలు, నాన్చకండి. జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీస్)లో పంపితే డిస్కౌంట్ ఇస్తామని వీళ్లు ముందే ఊరించారు. అలా పంపి ఉంటే ఈ దారి కూడా ఉండేది కాదు.

అప్పర్, లోయర్ చూడాలంటే నవాహో పార్క్స్ వాళ్ల సైట్‌లో అనుమతి ఉన్న ఆపరేటర్ల పేర్లు ఉంటాయి, నేరుగా అక్కడే బుక్ చేసుకోండి. ఎండాకాలంలో నవాహో నేషన్ గడియారం అరిజోనా కంటే గంట ముందుంటుంది. టూర్లు నడిచేది అరిజోనా టైమ్ ప్రకారం. ఫోన్ ఎటో ఒకవైపు మారిపోయి టెన్షన్ పెడుతుంది.

జులై నుంచి సెప్టెంబర్ దాకా వెళ్లేవాళ్లు క్యాన్సిలేషన్ షరతులు తప్పకుండా చూడండి. 1997 ఆగస్టు 12న ఎక్కడో దూరాన పడిన వాన వరదై లోయర్‌లోకి వచ్చి 11 మంది టూరిస్టులు చనిపోయారు. అందుకే ముప్పు అనిపిస్తే టూర్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. మా ప్యాకేజీలో మాత్రం వాతావరణం వల్ల రద్దయినా పైసా వెనక్కి రాదని రాసుంది.

డిస్ప్యూట్ ఇంకా నడుస్తోంది. నిన్న చూస్తే ఆ ప్యాకేజీ అదే ఫొటోతో అలాగే ఉంది, లేబర్ డే వీకెండ్‌కి బుకింగ్‌లు తీసుకుంటున్నారు.